ఎడారిలో ఎగరాలనుకునే వైజాగ్ వాళ్లకు

ద్వారకానగర్‌లో మా ట్రావెల్ ఆఫీసుకి వచ్చి ఎడారిలో వేడిగాలి బెలూన్ ఎక్కే టూర్ అడిగేవాళ్లకు మొదటి పేచీ టైముతోనే. "సెలవుల్లో కూడా తెల్లారుజామున నాలుగింటికి లేవాలా? సాయంత్రం బెలూన్ పెట్టించండి" అంటారు. అది నా చేతుల్లో లేదు. సూర్యుడు పైకొచ్చి ఇసుక కాలడం మొదలైతే వేడి గాలి నేల మీద నుంచి పైకి తన్నుతుంది. బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు, ఆ గాలిలో పడితే పైలట్ మాట వినదు. అందుకే నేల చల్లగా, గాలి నిలకడగా ఉన్నప్పుడే ఎగరేసి దించేస్తారు. గ్లైడర్ అనే చిన్న విమానంది దీనికి తిరగేసిన లెక్క. దానికి ఇంజిన్ లేదు కాబట్టి ఆ పైకి తన్నే గాలే దిక్కు. బెలూన్ పొద్దున్నే, గ్లైడర్ మధ్యాహ్నం. మిగతా ప్లానంతా దీని చుట్టూ వేసుకోండి.

అంత దూరం ఎందుకు, మన రుషికొండ బీచ్‌లో ఎగరేయొచ్చు కదా అని కూడా అడుగుతారు. 2017 నవంబర్‌లో అరకులో బెలూన్ పండగ చేశారు, నిజమే. అది కొండల మధ్య లోయ. మన తీరంలో తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. తెరచాప పడవలు వేటకి బయల్దేరింది ఆ గాలి పట్టుకునే. దానికి బెలూన్ వదిలితే దిగడం బంగాళాఖాతంలోనే.

ఇక సీజన్. పిల్లలకు మే నెలలో సెలవులని అప్పుడు బుక్ చేయమంటే నేను ఒప్పుకోను. బెలూన్ లోపలి గాలిని సుమారు 100 డిగ్రీల దాకా కాగబెడతారు. బయటి గాలి ఎంత చల్లగా ఉంటే అంత తేలిగ్గా లేస్తుంది. ఎండాకాలంలో ఆ తేడా తగ్గిపోతుంది. దుబాయ్ అయితే అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడైనా మంచిదే, సంక్రాంతి సెలవులు సరిగ్గా కుదురుతాయి. రాజస్థాన్‌కి మాత్రం సంక్రాంతి వద్దంటాను. జనవరిలో అక్కడ పొగమంచు పడితే ఎగరనివ్వరు. నవంబర్ లేదా ఫిబ్రవరి చూసుకోండి. కార్తీక పౌర్ణమికి పుష్కర్‌లో ఒంటెల మేళా ఉంటుంది. పైనుంచి చూడాల్సింది అదే, కాకపోతే హోటల్ రేట్లు చూసి గుండె గట్టి చేసుకోవాలి. విమానం ఖర్చు వద్దనుకుంటే విశాఖ నుంచి జోధ్‌పూర్ పక్కన భగత్ కీ కోఠీ దాకా వారానికోసారి రైలుంది. తీరిక, పులిహోర రెండూ ఉన్నవాళ్లకు అది హాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. బెలూన్‌ని ట్రిప్‌లో మొదటి ఉదయానికే పెట్టుకోండి. చాలామంది ఆఖరి రోజుకి దాచుకుంటారు. గాలి ఎక్కువుందని పైలట్ రద్దు చేస్తే ఇంకేం చేస్తారు? మొదటి రోజు రద్దయితే రెండో రోజుంది, మూడో రోజుంది. రద్దు చేసిన పైలట్ మీద అరవకండి. గాలి బాగాలేకపోయినా సరే ఎగరేస్తాననేవాడే ప్రమాదం.

బట్టల దగ్గర అమ్మలతో కాస్త గట్టిగా చెబుతాను. బుట్ట అంచు ఛాతీ ఎత్తున ఉంటుంది, పక్కనున్న కన్నాల్లో కాలు పెట్టి ఎక్కాలి. చీర పనికిరాదు. కాటన్ చుడీదార్ లేదా ప్యాంటు వేసుకోండి, నైలాన్ చున్నీ హోటల్లోనే వదిలేయండి, ఎందుకంటే మంట తలకి కాస్త పైనే ఉంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్లకు మాడు చురుక్కుమంటుంది, టోపీ పెట్టుకోవాలి. ఎక్కేముందు ఎడారి చలికి పళ్లు కొట్టుకుంటాయి, స్వెటర్ ఉండాలి. దిగేది ముళ్లపొదల్లో కావచ్చు, కాబట్టి చెప్పులొద్దు, బూట్లే.

ముందు పెద్ద ఫ్యాను పెట్టి గుడ్డలోకి చల్లగాలి నింపుతారు, తర్వాత ప్రొపేన్ మంట కొడతారు. పడుకున్న గుడ్డ మెల్లగా లేచి నిలబడుతుంది. ఆ మంట చప్పుడుకి పిల్లలు ఉలిక్కిపడతారు, ముందే చెప్పి ఉంచండి. పైకెళ్లాక మాత్రం ఆశ్చర్యం. గాలితో పాటే పోతాం కాబట్టి మొహానికి గాలే తగలదు. గాజువాక నుంచి వెళ్లిన ఒక పెద్దాయన "ఏటమ్మా, ఇది కదల్నే లేదు అనుకున్నాను, కింద చూస్తే ఒంటెలు వెనక్కెళ్లిపోతన్నాయి" అన్నారు. కళ్లు తిరగడం చాలామందికి ఉండదు. ఎగిరేది గంట సేపు, అటూ ఇటూ కలిపి నాలుగు గంటలు.

దిగేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఫోన్ లోపల పెట్టేసి, మోకాళ్లు కొంచెం వంచి, లోపలి తాళ్లు పట్టుకోండి. బుట్ట ఒరిగిపోవచ్చు, అది మామూలే. ఆగింది కదా అని ఎవరూ ముందే దూకకూడదు. ఒక్కరి బరువు తగ్గినా మిగతావాళ్లతో బెలూన్ మళ్లీ లేస్తుంది. 2013 ఫిబ్రవరిలో ఈజిప్టు లక్సర్‌లో సరిగ్గా దిగే వేళకే మంటలంటుకుని 19 మంది పోయారు. పైలట్ చెప్పే ఐదు నిమిషాల జాగ్రత్తలప్పుడు సెల్ఫీలు మానండి. గర్భిణులు, కొత్తగా మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కొద్దు.

గ్లైడింగ్ పేరు చెప్పి పారామోటార్ (ఇంజిన్ బిగించిన పారాచూట్ లాంటిది) ఎక్కించేవాళ్లున్నారు. ఇంజిన్ ఉందా అని ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది. అసలు గ్లైడర్‌ని చిన్న విమానం తాడుతో లాగి రెండు మూడు వేల అడుగుల ఎత్తున వదిలేస్తుంది. సింహాచలం కొండ మీద గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకెళ్తాయే, పైలట్ కూడా అదే గాలిని వెతుక్కుని అలాగే తిరుగుతాడు. శిక్షణకి బాగా వాడే ఏఎస్‌కే-21 రకం నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తు నుంచి 34 కిలోమీటర్లు జారగలదు. ఇబ్బందల్లా ఆ చుట్లతోనే, కడుపు తిప్పుతుంది. ఖాళీ కడుపు, బిర్యానీ కడుపు రెండూ వద్దు, రెండిడ్లీలు చాలు. గ్లైడర్‌కి పైనుండే అద్దంలాంటి మూత కింద ఎండ మాడ్చేస్తుంది, నీళ్లు, నల్ల కళ్లద్దాలు తీసుకెళ్లండి. బరువు మామూలుగా 100, 110 కిలోలు దాటితే ఒప్పుకోరు.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకు ఎడారి గ్లైడింగ్ సులువు. నెవాడాలో మిండెన్ దీనికి పేరున్న ఊరు. అక్టోబర్ మొదట్లో వెళ్తే న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో 1972 నుంచి జరుగుతున్న బెలూన్ మేళా కూడా చూడొచ్చు. అక్కడ కొన్ని ఉదయాలు కింది గాలి ఒకవైపు, పైగాలి దానికి ఎదురుగా వీస్తుంది. పైలట్లు ఎత్తు మార్చుకుంటూ బయల్దేరిన చోటికి దగ్గర్లోనే దిగేస్తారు.

డబ్బు కట్టేముందు మూడు అడగండి. పైలట్‌కి లైసెన్స్ ఉందా (మన దేశంలో అయితే విమానయానం చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇస్తుంది), వాతావరణం వల్ల రద్దయితే మొత్తం వాపసా లేక వేరే తేదీ మాత్రమేనా, పిల్లలకు వయసెంత, ఎత్తెంత ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితంలో అడ్వెంచర్ స్పోర్ట్స్ అన్న చోట బెలూన్‌ని మినహాయించారేమో చూసుకోండి. జవాబులన్నీ రాతలో తీసుకోండి. "అప్పుడు చూద్దాంలెండి మేడమ్" అని ఫోన్‌లో తేల్చేవాడికి అడ్వాన్స్ పంపొద్దు.