నల్లమల అంచున ఒక చిన్న జలపాతానికి: నడిచి వెళ్లి క్షేమంగా తిరిగి రావడానికి

గుంటూరు, విజయవాడల నుంచి జలపాతం చూడాలనుకునేవారిలో చాలామంది మాచర్ల దాటి ఎత్తిపోతలకే వెళ్తారు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ దృశ్యం తప్పక చూడదగినదే. కాని కింది మడుగులో మొసళ్లు ఉంటాయి కనుక దాన్ని దూరం నుంచే చూడాలి. ఇక్కడ చెప్పబోయేది వేరు. ఏదో ఒక వాగు ఇరవై, ముప్పై అడుగుల బండ మీద నుంచి జారిపడే, పేరు లేని చిన్న జలపాతానికి రెండు మూడు గంటలు అడవిలో నడిచి వెళ్లి, చీకటి పడకముందే రోడ్డెక్కడం ఎలాగన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా కాలం సంగతి చూడాలి. ఈ వాగులన్నీ వానమీదే బతుకుతాయి. ఏప్రిల్‌లో వెళ్తే ఎండిన రాళ్లు తప్ప ఏమీ కనిపించవు. నల్లమలలోని పులుల అభయారణ్యంలో జులై నుంచి సెప్టెంబరు దాకా సందర్శకులను రానివ్వరు కనుక, నా మటుకు అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు నెలాఖరు దాకా ఉన్న రోజులే మేలైనవి. అయితే మన వైపు తుపానులు వచ్చేదీ ఆ రోజుల్లోనే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న వార్త వింటే, ఎంత ఏర్పాటు చేసుకున్నా ప్రయాణం మానుకోవాలి. పెద్ద వాన వెలిసిన రెండు మూడు రోజులకు నీరు తేటపడుతుంది, ధార మాత్రం ఇంకా నిండుగా ఉంటుంది, బయలుదేరవలసింది అప్పుడే.

అనుమతి లేకుండా అడవిలో అడుగు పెట్టకూడదు. మాచర్లకు అవతల నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి వస్తుంది, అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. విజయవాడ పక్కనే ఉన్న, బొమ్మలకు తెల్లపొణికి కర్రనిచ్చే కొండపల్లి అడవి కూడా రిజర్వు ఫారెస్టే. కాబట్టి కనీసం వారం ముందు ఆ ప్రాంతపు అటవీ రేంజి ఆఫీసుకు స్వయంగా వెళ్లి, ఎందరు, ఏ రోజు, ఏ వాగు వెంట వెళ్తారో రాసిచ్చి అడగాలి. వద్దంటే ఆ చోటును వదిలేయాలి, దొంగదారి వెతకకూడదు. సరేనంటే, దారి తెలిసిన స్థానికుణ్ణి వెంట పంపమని కోరాలి. పసుల కాపరికో, చెంచు పెద్దకో తెలిసినంతగా ఆ వాగులు ఏ పటానికీ తెలియవు. ఆ రోజు కూలి ముందే మాట్లాడుకుని, తగ్గించకుండా ఇవ్వాలి.

అయినా పటం చూడడం నేర్చుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ ఎత్తు గీతలు ఉంటాయి, పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. వాగును దాటే చోట రెండు గీతలు దాదాపు ఒకదానికొకటి తగులుతున్నాయంటే అక్కడ నీరు నిటారుగా పడుతుందని ఊహించవచ్చు. అంతకంటే చిన్న జలపాతాలు పటానికి ఎక్కవు, వాటికి స్థానికుల మాటే ఆధారం. అడవిలో సిగ్నల్ ఉండదు కనుక ఫోన్‌లోకి పటాన్ని ముందే దించుకోవాలి.

సామాను తక్కువే ఉండాలి: మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పులిహోర, బెల్లంతో చేసిన వేరుశనగ ఉండలు, టార్చి, ఈల, పొడవాటి చేతికర్ర, పట్టున్న బూట్లు. అత్తరు, సెంటు పూసుకోకూడదు. జలపాతాల పైన వంగి ఉన్న బండల కింద కొండతేనె పట్లు వేలాడుతుంటాయి. వాసనకో, పొగకో అవి లేచాయంటే పరుగెత్తడానికి కూడా చోటుండదు.

నడకలో కర్రతో ఆకులను తట్టుతూ, మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ పోతే పాములు, ఎలుగుబంట్లు ముందే తప్పుకుంటాయి. ఒకవేళ పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకు ఆనించి వదులుగా కట్టి, మనిషిని మోసుకుంటూ బయటికి తెచ్చి, సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేయాలి.

వాగు దగ్గర అన్నిటికంటే జాగ్రత్త అవసరం. నల్లగా మెరిసే తడి బండ మీద పాకుడు ఉంటుంది, దాని మీద కాలు పెట్టకూడదు. గరుకుగా, పొడిగా ఉన్న రాయినే ఎంచుకోవాలి. మోకాలు దాటిన నీటిని దాటవద్దు. దాటేటప్పుడు సంచి నడుం పట్టీ విప్పి ఉంచాలి. జలపాతం పైకెక్కి అంచున నిలబడడం, లోతు తెలియని గుండంలోకి దూకడం ఎంతటి ఈతగాడికైనా నిషిద్ధమే.

ఒకసారి ఎర్రటి ఎండలో వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. పాదాల కింద గులకరాళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేంత తేటగా ఉన్న నీరు, చూస్తుండగానే పల్చటి టీ రంగుకు తిరిగింది. ఆకులతో ఉన్న ఒక పచ్చి రెమ్మ కొట్టుకొచ్చి నా మడమకు తగిలింది. వెంట వచ్చిన పెద్దాయన ‘లే బాబూ, పైన వాన పడింది’ అన్నాడు. సంచులు పట్టుకుని పక్క గట్టెక్కిన కాసేపటికే, మేము క్యారేజీ పెట్టుకున్న బండ నీళ్లలో మునిగిపోయింది. మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడుతుండవచ్చు. అందువల్ల నీటి రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా ఒక్క క్షణం ఆగకుండా పక్కకు, ఎత్తుకు ఎక్కాలి. వాగు వెంట కిందికి పరుగెత్తడం చేటు.

జలపాతం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం పన్నెండున్నరకు వెనుదిరగాలి. నవంబరులో ఆరు గంటలలోపే చీకటి పడుతుంది, లోయలో ఇంకా ముందే నీడ కమ్ముతుంది. తిన్న అరిటాకులతో సహా తెచ్చినదంతా తిరిగి సంచిలో పెట్టుకోవాలి. ఆ నీళ్లలో సబ్బు, షాంపూ వాడవద్దు, దిగువన పశువులు, జంతువులు తాగేది అవే. రోడ్డెక్కగానే అటవీశాఖ చెక్‌పోస్టులో బయటికి వచ్చామని అందరి పేర్లూ చెప్పి మరీ కదలాలి. చెప్పకుండా బస్సెక్కితే, రాత్రి టార్చీలు పట్టుకుని మన కోసం అడవిలో తిరగవలసి వచ్చేది ఆ సిబ్బందే.