ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ ఎంత అప్‌డేట్ చేసినా పాత వెర్షనే చూపిస్తోందా?

ముందు బ్రౌజర్ మూయండి. ఒక్క ట్యాబ్ కాదు, అన్ని కిటికీలూ. హనుమకొండ ఇంటర్నెట్ సెంటర్లలో కౌన్సెలింగ్ రోజులొస్తే సిస్టమ్ ఆపరు, ఫైర్‌ఫాక్స్ మూయరు. అప్‌డేట్ రాలేదని మాత్రం లైనక్స్‌నే మార్చేయాలనుకుంటారు. సగం నింపిన ఫారం ఉంటే సేవ్ చేసి మరీ మూయండి.

ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తోంది; స్నాప్ అంటే తన అప్‌డేట్‌లు తనే చూసుకునే వేరే రకం ప్యాకేజీ. ఉబుంటు మామూలు అప్‌డేట్ కమాండ్ అయిన ఏపీటీ అప్‌గ్రేడ్ ఎన్నిసార్లు కొట్టినా దానికి తగలదు. స్నాప్ రోజుకు 4 సార్లు తనే వెతుకుతుంది. కానీ బ్రౌజర్ తెరిచి ఉంటే 14 రోజుల దాకా వాయిదా వేస్తుంది. మూసాక టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) 'సుడో స్నాప్ రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్' కొట్టండి. ఇంకా నడుస్తోందని ఎర్రర్ ఇస్తే 'పీకిల్ ఫైర్‌ఫాక్స్' కొట్టి మళ్లీ ప్రయత్నించండి.

టెర్మినల్‌లో 'స్నాప్ లిస్ట్' కొడితే కొత్త వెర్షన్ చూపిస్తూ, బ్రౌజర్‌లో మాత్రం పాతదే ఉంటే అసలు చిక్కు ఇక్కడే. మిషన్‌లో రెండు ఫైర్‌ఫాక్స్‌లు ఉన్నాయి. ఎప్పుడో ఎవరో ఫైర్‌ఫాక్స్ టార్ ఫైల్ (జిప్ లాంటి కట్ట) దించి /ఆప్ట్ ఫోల్డర్‌లో విప్పి పెట్టారు, మీ ఐకాన్ దాన్నే తెరుస్తోంది. ఆ ఫోల్డర్ రూట్ (అడ్మిన్ ఖాతా) పేరున ఉంటే మామూలు యూజర్ తెరిచినప్పుడు అది తనను తాను మార్చుకోలేదు. /యూఎస్ఆర్/లోకల్/బిన్ లో లింక్ కూడా పెట్టి ఉంటే, టెర్మినల్‌లో 'ఫైర్‌ఫాక్స్' అని కొట్టినా ముందు అదే దొరుకుతుంది. తేల్చుకోవడం తేలిక: అడ్రస్ బార్‌లో 'ఎబౌట్:సపోర్ట్' కొట్టి, అప్లికేషన్ బైనరీ వరుస చూడండి. /స్నాప్ తో మొదలైతే సరే. /ఆప్ట్ ఉంటే పట్టుబడ్డట్టే.

వెంటనే డిలీట్ చేయకండి. రెండింటి ప్రొఫైళ్లు (బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు ఉండే ఫోల్డర్లు) వేర్వేరు చోట్ల ఉంటాయి: పాతది హోమ్‌లోని దాచిన మొజిల్లా ఫోల్డర్‌లో, స్నాప్‌ది హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్‌లో. తీసేశాక కొత్తది తెరిస్తే బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు ఏవీ కనబడవు, అప్పుడు కంగారు పడతారు. పాతదాంట్లోంచి రెండూ ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తదాంట్లోకి ఇంపోర్ట్ చేసుకోండి. పాస్‌వర్డ్‌ల సీఎస్‌వీ ఫైల్‌ను పని కాగానే చెరిపేయండి, అందులో అన్నీ బాహాటంగా రాసి ఉంటాయి. ఆ తర్వాతే /ఆప్ట్ లోని ఫోల్డర్, ఆ లింక్, హోమ్‌లోని దాచిన .లోకల్/షేర్/అప్లికేషన్స్ ఫోల్డర్‌లో ఉన్న పాత డెస్క్‌టాప్ ఫైల్ (ఐకాన్‌ను నడిపే ఫైల్) తీసేయండి. డాక్‌లో పిన్ చేసిన ఐకాన్ కూడా తీసి కొత్తగా పెట్టండి.

ఎవరైనా అప్‌డేట్‌ను హోల్డ్‌లో పెట్టి (ఆపి) ఉంటే 'సుడో స్నాప్ రిఫ్రెష్ --అన్‌హోల్డ్ ఫైర్‌ఫాక్స్' చాలు. డిస్క్ నిండడం వల్లో, సీమాస్ బ్యాటరీ (సిస్టమ్ గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ) పోయి తేదీ వెనక్కి పోవడం వల్లో అప్‌డేట్ ఆగడం అరుదు. టెర్మినల్‌లో 'డీఎఫ్ -హెచ్' కొడితే డిస్క్‌లో ఖాళీ, 'డేట్' కొడితే తేదీ తెలిసిపోతాయి.