టెక్సస్ వంటింట్లో పచ్చి చొరీసో

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో కొత్తగా అద్దెకు దిగినవారు నెల తిరిగేసరికి చొరీసో అనే మసాలా మాంసపు సాసేజ్ రుచి చూసే ఉంటారు. ఉదయం పూట ఆఫీసుకు ఎవరో తెచ్చిపెట్టిన టాకోల్లో, అంటే మడిచిన పల్చటి రొట్టెల్లో, కోడిగుడ్డుతో కలిసి ఎర్రగా కనిపించేది అదే. బాగుంది కదా, ఇంట్లో చేసుకుందామని దుకాణానికి వెళ్తే అక్కడ ఒకే పేరుతో రెండు రకాల సరుకు కనిపిస్తుంది. తడబాటు అక్కడే మొదలవుతుంది.

ఒకటి స్పెయిన్ పద్ధతిది. పంది మాంసానికి ఉప్పు, వెల్లుల్లి, పొగబెట్టిన ఎర్ర మిరపపొడి పట్టించి, పేగుల్లో కూరి, వారాల తరబడి ఆరబెట్టి గట్టిపరుస్తారు. అలా ఆరినదాన్ని బిళ్లలుగా కోసుకుని అలాగే తినవచ్చు. రెండోది మెక్సికో పద్ధతిది. టెక్సస్‌లో ఎక్కువగా దొరికేది ఇదే, ఇది పూర్తిగా పచ్చి ఖీమా. ఎండు మిరపకాయల ముద్ద, వెనిగర్, వెల్లుల్లి, ఓరెగానో అనే ఎండు ఆకు, జీలకర్ర, లవంగాలు కలిపి ఉంటాయి. వెనిగర్‌లో ఊరింది కదా, నిల్వ పచ్చడి లాంటిదే కదా అనుకుని వండకుండా నోట్లో పెట్టకండి. పొట్లాన్ని వేలితో నొక్కి చూడండి. గట్టిగా కర్రలా ఉంటే ఆరబెట్టినది, మెత్తగా లోపలికి దిగితే చాలావరకు పచ్చిది. అనుమానం ఉంటే లేబుల్ చదవండి. వండాకే తినాలని రాసి ఉంటే ఇక చర్చ అనవసరం.

పచ్చి చొరీసోలోనూ తేడాలున్నాయి. సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో దొరికే ప్లాస్టిక్ గొట్టం చవక. కత్తిరించి నొక్కితే టూత్‌పేస్ట్‌లా బయటికి వస్తుంది. చవక రకాల లేబుల్ తిప్పి చూస్తే లాలాజల గ్రంథులు, కొవ్వు అని రాసి ఉండటం మామూలే. తినకూడనిదేమీ కాదు గాని, పొయ్యి మీద సగం నూనెగా కరిగిపోతుంది. నా సలహా అడిగితే కార్నిసెరియాకు వెళ్లండి. అంటే మెక్సికన్ మాంసం దుకాణం. గాజు పెట్టె వెనుక దారంతో కట్టిన ఎర్రని దండలు వేలాడుతుంటాయి, లేదా ట్రేలో విడిగా పోసి ఉంటాయి. 'మేదియా లిబ్రా' అంటే అర పౌను, సుమారు 225 గ్రాములు, కట్టి ఇస్తారు. ఇద్దరికి రెండు పూటలు వస్తుంది. ఎక్కడైనా పచ్చ రంగుది కనిపిస్తే పాడైందని భయపడకండి. పచ్చిమిర్చి, కొత్తిమీర వంటివి వేసి చేసే ఆ రకానికి మెక్సికోలోని తొలూకా నగరం పేరుపొందింది.

రంగు చూసి కారానికి కూడా భయపడనక్కర్లేదు. ఇందులో వాడే గ్వాహీయో, ఆంచో మిరపకాయలు బ్యాడిగి లాంటివి, రంగెక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు కారం అలవాటైన నోటికి చప్పగా అనిపించవచ్చు కూడా.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. మొదటిసారి నేను మన ఖీమా వేపుడు పద్ధతిలో మూకుడులో రెండు గరిటెల నూనె కాగబెట్టి, పెద్ద మంట మీద చొరీసో పడేశాను. రెండు నిమిషాల్లో ఇల్లంతా మిరప ఘాటు, ఆ వెంటనే పొగ అలారం మోత. స్టూలెక్కి తువ్వాలుతో విసురుతుంటే పక్కింటివారు తలుపు కొట్టారు. అంతటితో పోలేదు. మిగిలిన ఎర్ర నూనెను సింకులో పారబోశాను, అది గొట్టంలో గడ్డకట్టింది, బాగుచేయించిన బిల్లు అద్దెతో పాటు వచ్చింది.

అందుకని, నూనె అసలు వేయవద్దు. పైతోలును కత్తితో నిలువునా చీల్చి ఒలిచేయండి. చల్లటి మూకుడులో ఖీమా వేసి, మధ్యస్థంగా మంట పెట్టి, చెక్క గరిటెతో చిదుపుతూ ఉండండి. ముందు వెనిగర్ వాసన గుప్పుమంటుంది. కాసేపటికి నీరు ఇగిరి, చిటపటలు మొదలై, అంచుల్లో ఎర్రటి నూనె తేలుతుంది. మసాలా వేగిందో లేదో నూనె తేలడాన్ని బట్టి చెప్పే చేతికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు. అయితే ఒక్క విషయంలో మన కళ్లు మోసపోతాయి. మామూలు మాంసం గులాబీ రంగు పోతే ఉడికిందని అనుకుంటాం. ఇది పచ్చిగా ఉన్నా ఎరుపే, ఉడికినా ఎరుపే. కాబట్టి ముద్దలు మిగలకుండా రవ్వలా చిదిపి, పది నిమిషాలకు తగ్గకుండా వేయించండి. తోలుతోనే కాల్చేటట్లయితే థర్మామీటర్ కొనండి, లోపల 71 డిగ్రీల సెల్సియస్, అంటే ఇక్కడి లెక్కలో 160 ఫారన్‌హీట్ చూపాలి. కోడి మాంసంతో చేసినదైతే 74 డిగ్రీలు. ఎక్కువైన నూనెను ఖాళీ డబ్బాలోకి వంపి, గడ్డకట్టాక చెత్తలో వేయండి.

మొదట చేయవలసింది గుడ్డు పొరటే. వంద గ్రాముల చొరీసో వేగాక, గిలకొట్టిన నాలుగు గుడ్లు పోసి, మంట తగ్గించి, గుడ్డు మెత్తగా ఉండగానే దించండి. ఉప్పు ముందుగా వేయకండి, మాంసంలో సరిపడా ఉంటుంది. గరం మసాలా వేయాలని చేయి లాగుతుంది, వద్దు, ఓరెగానో వాసన చచ్చిపోతుంది.

రెండోది ఆలుగడ్డ. నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం. రెండు దుంపల్ని శనగగింజలకన్నా కాస్త పెద్ద ముక్కలుగా తరిగి, ఉప్పు నీటిలో సగం ఉడికించి, వంపి ఆరనివ్వాలి. చొరీసో వేగాక దాన్ని తీసి పక్కన పెట్టి, అదే ఎర్ర నూనెలో దుంపల్ని కదపకుండా వదిలేయాలి. అడుగు కరకరలాడాకే తిప్పాలి. ఆపైన చొరీసో కలిపితే సరి. మొక్కజొన్న టోర్టియాల్ని, అంటే పల్చటి రొట్టెల్ని, పొడి పెనం మీద రెండు వైపులా కాల్చి, గుడ్డలో చుట్టి ఉంచండి, లేకపోతే విరిగిపోతాయి. పైన తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. మిర్చి బజ్జీ బండి దగ్గర పెరిగినవారికి ఈ మూడింటి పరిచయం చేయనక్కర్లేదు. అన్నంలోకి కూడా బాగానే ఉంటుంది, మెక్సికన్ స్నేహితులు చూడకుండా కలుపుకోండి.

కరిగిన చీజ్ మీద చొరీసో చల్లి టోర్టియాతో ముంచుకు తినడం, ఉడికించిన పింటో బీన్స్‌లో కలపడం తర్వాతి మెట్లు.

పంది మాంసం తిననివారికి గొడ్డుమాంసం, కోడి మాంసం రకాలున్నాయి. కోడి రకాన్ని పంది పేగులో కూరడం కూడా ఉంది, కాబట్టి లేబుల్ చివరిదాకా చదవాలి. శాకాహారులకు సోయా చొరీసో దొరుకుతుంది. దాని నుంచి మాంసంలా కొవ్వు పెద్దగా కరగదు గనుక ఒక చెంచా నూనె వేసుకోవాలి.

పచ్చిది తెచ్చాక ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే. అంతకు మించితే ఒక్కో పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టి, రెండు నెలల్లో వాడేయండి. వండినది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం పెట్టకండి, ఆ ఎరుపు ఎంత తోమినా వదలదు.