కాంటా బరువు కంప్యూటర్‌లోకి రాకపోతే: ఎక్స్‌పీ, డాస్ ప్రోగ్రాముల సీరియల్ పోర్టు తిప్పలు

వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లు ముందు లారీలు లైన్ కట్టి ఉంటాయి. వేబ్రిడ్జి (లారీలు తూచే కాంటా) ఇండికేటర్‌లో, అంటే అంకెలు చూపే డబ్బాలో, బరువు సరిగ్గానే కనబడుతుంది, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లోని పాత డాస్ (విండోస్‌కి ముందటి) బిల్లింగ్ ప్రోగ్రాం మాత్రం సున్నా దగ్గరే ఆగిపోతుంది. వెంటనే ఫార్మాట్ కొట్టకండి. ఆ ప్రోగ్రాం సీడీ దొరక్కపోతే ఉన్నదీ పోతుంది. తప్పు కంప్యూటర్‌దా, బయటి వైరుదా ముందు తేల్చుకోవాలి.

దానికి చిన్న వైరు ముక్క చాలు. ఇండికేటర్ నుంచి వచ్చే కేబుల్ పీకేసి, కంప్యూటర్ వెనక 9 పిన్నుల సీరియల్ పోర్టులో 2, 3 పిన్నులను కలపండి. బిల్లింగ్ ప్రోగ్రాం మూసి, ఎక్స్‌పీలోనే ఉండే హైపర్‌టెర్మినల్ ప్రోగ్రాంలో కామ్1 (మొదటి సీరియల్ పోర్టు) తెరిచి, ఫ్లో కంట్రోల్ 'నన్' పెట్టి ఏదైనా అక్షరం కొట్టండి. అది తెర మీద పడి, వైరు తీశాక పడకపోతే పోర్టు బాగున్నట్టే. తీసినా పడుతుంటే లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని ప్రోగ్రామే తెర మీద చూపడం) ఆన్‌లో ఉంది, ఆపి మళ్లీ చూడండి. పోర్టు తెరుచుకోకపోతే ఇంకో ప్రోగ్రాం దాన్ని పట్టుకుని ఉంటుంది. యూపీఎస్ సాఫ్ట్‌వేర్ మీదే మొదటి అనుమానం. అసలు పోర్టే కనబడకపోతే బయాస్‌లో (విండోస్ మొదలయ్యేలోపు తెరిచే సెట్టింగుల్లో) సీరియల్ పోర్ట్ 1 ని 3ఎఫ్8 (పోర్టు చిరునామా), ఐఆర్‌క్యూ 4 కి పెట్టండి.

తర్వాత కేబుల్. ఇండికేటర్ ఆన్ చేసి, కంప్యూటర్ వైపు కొస దగ్గర మల్టీమీటర్ నల్ల వైరు 5 మీద, ఎర్ర వైరు 2 మీద పెట్టండి. డేటా రానప్పుడు మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టుల దాకా చూపాలి. వస్తుంటే అంకె ఊగుతుంది. ఆ వోల్టేజి 3 మీద ఉంటే 2, 3 వైర్లు తారుమారయ్యాయి. మూడు వైర్ల కేబులే అయి, ప్రోగ్రాం హ్యాండ్‌షేక్ (అవతలి వైపు సిద్ధమన్న సంకేతం) కోసం ఆగితే కంప్యూటర్ వైపు కనెక్టర్‌లో 7ని 8తో, 1, 4, 6 ని ఒకదానితో ఒకటి కలిపి టంకం వేయండి.

డేటా వస్తోంది కానీ పిచ్చి గీతలే పడుతున్నాయంటే బాడ్ రేటు (డేటా పంపే వేగం) రెండు వైపులా కలవలేదు. 0, 3, 5, 6, 9 సరిగ్గా వచ్చి 1, 2, 4, 7, 8 మాత్రమే పాడైతే ఇండికేటర్ 7 బిట్లు, ఈవెన్ పారిటీతో (1ల లెక్క సరి సంఖ్య అయ్యేలా చేర్చే తనిఖీ బిట్‌తో) పంపుతోంది, కంప్యూటర్ 8 బిట్లు, పారిటీ లేదనుకుని చదువుతోంది. పారిటీ బిట్ ఆ ఐదు అంకెలకే 1 అవుతుంది కాబట్టి అవే చెడతాయి. ఇంత కచ్చితమైన ఆనవాలు ఇంకో దానికి దొరకదు.

ఎక్స్‌పీ ఆన్ చేయగానే మౌస్ బాణం తెరంతా ఎగురుతోందా? వైరస్ కాదు. ఇండికేటర్ ఆగకుండా పంపే బరువులను విండోస్ సీరియల్ మౌస్ అనుకుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల కింద 'మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్' ఉంటుంది. దాన్ని డిజేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే తర్వాతి బూట్‌కి మళ్లీ దిగుతుంది.

సీరియల్ పోర్టు లేక యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ పెడితే పోర్టు కామ్7 అనో, కామ్11 అనో వస్తుంది. పాత ప్రోగ్రాములు చాలావరకు కామ్4 దాటి చూడవు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు తెరిచి, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో నంబరు తగ్గించి, ఎప్పుడూ అదే సాకెట్‌లో గుచ్చండి. నేరుగా 3ఎఫ్8 లో చదివే డాస్ ప్రోగ్రాంకి యూఎస్‌బీని నమ్ముకోవద్దు. ఎక్స్‌పీ మధ్యలో ఉండి కొన్నిసార్లు నడిపిస్తుంది, కొన్నిసార్లు బరువు మధ్యలో తెగుతుంది. బోర్డు మీదే సీరియల్ పోర్టున్న పాత మెషీన్ వెతకడం మేలు. 64 బిట్ విండోస్‌లో ఆ డాస్ ప్రోగ్రాం అసలు తెరుచుకోదు.

ఇండికేటర్ ఉన్న కాంటా గది కంప్యూటర్‌కి 15 మీటర్లు దాటి ఉంటే ఆర్‌ఎస్-485 (ఎక్కువ దూరాలకు పనికొచ్చే పద్ధతి) కన్వర్టర్లు రెండు వైపులా పెట్టండి. ఉరుముల వానలో కేబుల్ పీకేయండి. పిడుగు దెబ్బకు ముందు పోయేది ఇండికేటర్‌లో సీరియల్ సిగ్నల్ వోల్టేజి మార్చే మ్యాక్స్232 లాంటి చిప్పే. రిపేరులో అక్కడ సాకెట్ వేయించుకుంటే, మళ్లీ పోయినప్పుడు టంకం పని ఉండదు.