ఘానా వెళ్తున్నారా? జ్వరం వచ్చిన రోజే రక్త పరీక్ష చేయించుకోండి

ఘానా రాజధాని ఆక్రా నుంచి సెలవు మీద ఇంటికెళ్లిన మన కుర్రాడొకడు వారం తిరక్కుండానే ఐసీయూలో చేరాడని మొన్న మా వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. వానాకాలం, జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అందరూ డెంగీ అనుకుని సెలైన్లు ఎక్కిస్తూ కూర్చున్నారు. ఎక్కడి నుంచి వచ్చాడని డ్యూటీకి కొత్తగా వచ్చిన డాక్టర్ అడిగేదాకా మలేరియా పరీక్ష చేయాలని ఎవరికీ తట్టలేదు. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. మనిషైతే దక్కాడు గానీ ఇంకా డయాలసిస్ నడుస్తోంది. ఘానాలో ఉంటున్న మనవాళ్ల విషయంలో ఇలాంటి కబురు వినడం ఇదే మొదటిసారి కాదు. ఉద్యోగానికో, వ్యాపారానికో ఘానా బయలుదేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పాస్‌పోర్టు జిరాక్సులు, జేబుదొంగలు, కాచిన నీళ్ల గురించి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒక్కటే. ఘానాలో ఉండగా గానీ, తిరిగొచ్చిన మూడు నెలల్లోపు గానీ జ్వరం వస్తే, కాదని రక్త పరీక్ష తేల్చేదాకా అది మలేరియానే అనుకోండి. పరీక్ష ఆ రోజే జరగాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

మొదటి వారంలోనే భయం పోతుంది

ఆఫ్రికా అనగానే ఏవేవో ఊహించుకుని వస్తాం. తీరా దిగాక ఆక్రా ఎయిర్‌పోర్టులో ‘అక్వాబా’ అంటూ స్వాగతం పలుకుతారు. ఏదైనా అడగబోతే ముందు మన యోగక్షేమాలు కనుక్కుని, ఆ తర్వాతే పనిలోకి వస్తారు. ట్రోట్రో అనే షేర్ వ్యాన్ కిటికీలోంచి మేట్ (కండక్టర్) సగం బయటికి వంగి ‘సర్క్ సర్క్ సర్క్’ అని అరుస్తుంటాడు. క్వామే ఎన్‌క్రుమా సర్కిల్‌కి వెళ్లే బండి అని అర్థం. సిగ్నల్ పడగానే ఆడవాళ్లు నెత్తిన నీళ్ల ప్యాకెట్ల బేసిన్లతో కార్ల మధ్య నడిచొస్తారు. అరలీటరు ప్యాకెట్‌కి మూల కొరికి తాగేయడమే. మన ఊరి బస్టాండ్‌లో ఉన్నట్టే ఉంటుంది.

భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా సాయంత్రం ఆరు, ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. అసలు సందడి అప్పుడే మొదలవుతుంది. అల్లం, మిరపకాయ పట్టించిన అరటి ముక్కలు నూనెలో వేగుతుంటాయి. కెలెవెలె అంటారు, చాలా బాగుంటుంది. రోడ్డు పక్క మురుగుకాలువకి రెండడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. నిక్కరు, చెప్పులతో అక్కడే కూర్చుని కబుర్లలో పడతాం.

మలేరియా దోమకి కూడా అదే వేళ. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. చీలమండల దగ్గర కుట్టి వెళ్లిపోయినా మాటల్లో పడి గమనించం.

మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే

ఆఫీసులో ఘానా కొలీగ్ "పోయిన నెల నాకూ మలేరియా వచ్చింది, మాత్రలేసుకుని పనికొచ్చేశా" అంటాడు. అబద్ధమేమీ కాదు. చిన్నప్పటి నుంచి మళ్లీమళ్లీ సోకడంతో అతని ఒంటికి కొంత తట్టుకునే శక్తి వచ్చింది. ఆ శక్తి ఇంకా రాని పసిపిల్లలు అక్కడా చనిపోతూనే ఉన్నారు. ఈ జబ్బు విషయంలో మనమూ ఆ పసిపిల్లల్లాంటివాళ్లమే. చిన్నప్పుడు మలేరియా వచ్చిపోయిందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మన దగ్గర కాస్త తేలికైన వైవాక్స్ రకం కూడా చాలామందికి వస్తుంది, ఘానాలో దాదాపు అంతా ప్రాణాలు తీసే ఫాల్సిపారం రకమే. పాడేరు ఏజెన్సీలో మెదడుకెక్కే మలేరియా అంటారే, అదే.

కొలీగ్‌ని చూసి మనవాడు డోలో వేసుకుంటాడు. చెమట పట్టి జ్వరం తగ్గుతుంది, హమ్మయ్య అనుకుంటాడు. రాత్రికి మళ్లీ చలి. ప్రయాణ బడలికనీ, ఏసీ పడలేదనీ, హర్మటాన్ (సహారా వైపు నుంచి వీచే పొడిగాలి) దుమ్ము అనీ సర్దిచెప్పుకుంటాడు. మూడో రోజుకి మాట తడబడుతుంది. ఆ పోగొట్టుకున్న రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. డోలో జ్వరాన్ని దించుతుంది గానీ రక్తంలో ఉన్న పరాన్నజీవిని ఏమీ చేయదు. జ్వరం వచ్చిన రోజే పరీక్ష.

బయలుదేరే ముందు

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. అయితే ఆ టీకాకీ మలేరియాకీ సంబంధం లేదు. టీకా వేయించుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది.

మలేరియా రాకుండా వాడే మాత్రలు వేరే ఉన్నాయి, డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక కూడా 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే 4 వారాలు వేసుకోవాలి. విమానం ఎక్కగానే ఆపేయకండి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు కుట్టిన దోమ తాలూకు జ్వరం ఇంటికొచ్చాకే బయటపడుతుంది. పాత అలవాటు కొద్దీ క్లోరోక్విన్ కొనుక్కుని వెళ్లొద్దు, అక్కడి ఫాల్సిపారానికి అది పనిచేయదు. ఏళ్ల తరబడి ఉండేవాళ్లు రోజూ మాత్రలు వేసుకోలేరు. అలాంటివాళ్లకి ఆ రోజే పరీక్ష అన్న నియమం ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

మిగతావి వరసగా రాసేస్తున్నాను.

– మందు పట్టించిన దోమతెర వాడండి, అంచులు పరుపు కిందకి దోపండి. కరెంటు పోతే ఏసీ, ఫ్యాన్ రెండూ ఆగుతాయి, అప్పుడు మిమ్మల్ని కాపాడేది తెరే.

– చీకటి పడేలోపు ఫుల్ ప్యాంటు, సాక్సు.

– ఆక్రాలో పెద్ద వానలు ఏప్రిల్ నుంచి జూలై దాకా, జూన్‌లో మరీ ఎక్కువ. దోమలూ అప్పుడే పెరుగుతాయి. వరద నీళ్లలోకి దిగొద్దు, కింద మూతలేని కాలువ ఉంటుంది. 2015 జూన్ 3న సర్కిల్ దగ్గర వాన నుంచి తలదాచుకున్నవాళ్లున్న పెట్రోల్ బంకు అంటుకుంది. ఆ రాత్రి వరదకీ మంటలకీ 150 మందికి పైగా పోయారు.

– సముద్రంలో నడుములోతు కూడా వద్దు. లోపలి లాగుడు చాలా బలంగా ఉంటుంది.

– ఎడమచేత్తో డబ్బులివ్వొద్దు, తీసుకోవద్దు. అవమానంగా భావిస్తారు.

– గర్భిణులు ప్రయాణం వాయిదా వేసుకోగలిగితే వాయిదా వేసుకోండి.

– పరీక్షలో నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ చేయించండి. ఒక్క నెగెటివ్‌ని నమ్మి ఇంట్లో పడుకోవద్దు.

– పాజిటివ్ వస్తే డాక్టర్ రాసిన మందు పూర్తిగా వాడండి. ఆర్టిమెథర్-లూమిఫాంట్రిన్ మూడు రోజుల్లో ఆరు డోసులు, ఏదైనా తిన్నాకే. రెండో రోజుకి బాగుందని మిగిలినవి దాచుకోవద్దు.

– వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం నల్లగా వచ్చినా, ఆయాసం వచ్చినా, మాట తేడాగా ఉన్నా మాత్రలతో కాలయాపన చేయొద్దు. అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి.

– ఒంటరిగా ఉండేవాళ్లు జ్వరం రాగానే పక్కింటివాళ్లకి చెప్పండి. మెదడుకెక్కితే ఫోన్ చేసే తెలివి కూడా ఉండదు.

– ఇంటికొచ్చాక జ్వరం వస్తే డాక్టర్‌తో మొదటి మాటే "ఘానా నుంచి వచ్చాను" అనండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడిపోతాయి. డెంగీ అంటే సరే, మలేరియా స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) కూడా చేయమని పట్టుబట్టండి.

– ఈ మాట ఇంట్లోవాళ్లకీ నేర్పండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే చెప్పాల్సింది వాళ్లే.