పెద్దవయసులో పియానో – 6వ పాఠం: రెండో బార్ నుంచి మూడో బార్‌కి

పోయిన పాఠంలో జి మేజర్ మినుయెట్ (మూడు లెక్కల పాత నాట్య సంగీతం) మొదటి ఎనిమిది బార్లు (ఒక్కో బార్ అంటే మూడు లెక్కల గుంపు) తీసుకుని, ఏ చేతి భాగం ఆ చేత్తో విడిగా వాయించుకున్నాం. ఈ వారం రెండు చేతులూ కలపాలి. కలిపే ముందు ఒక్క చోటు బాగుచేసుకోవాలి. ఆదివారం మా ఇంట్లో కూర్చున్నప్పుడు మేం ఐదుగురమూ ఆ ఒక్క చోటే ఆగిపోయాం. అందుకే ఈ పాఠమంతా దాని గురించే.

మా ఆదివారాల పద్ధతి మొదటి పాఠంలో చెప్పాను. వారంలో ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది ఎవరి నోటుబుక్కు వాళ్లు తెచ్చి చదవాలి. తర్వాతే వాయించాలి. మాలో చిన్నవారికి ముప్ఫై నాలుగు, పెద్దవారికి అరవై ఒకటి. ఎవరమూ చిన్నప్పుడు పియానో నేర్చుకోలేదు. నలుగురివి అరవై ఒక్క మెట్ల కీబోర్డులు, ఒకరిది ఎనభై ఎనిమిది మెట్ల డిజిటల్ పియానో. హార్మోనియం వాయించేవాళ్లలా నేను కీని మెట్టనే అంటాను. ఈ ఎనిమిది బార్లకు అరవై ఒక్క మెట్లు చాలు.

ఈసారి నోటుబుక్కులు చదివితే రెండింట్లో దాదాపు ఒకే మాట ఉంది: 'రోజూ అరగంట చేశాను, రావడం లేదు.' ఆ మాట చూస్తే బాధేసింది. అరగంట కూర్చున్నారు, నిజమే. ఎక్కడ రావడం లేదో మాత్రం పుస్తకంలో లేదు. మోకాలు నొప్పితో డాక్టరు దగ్గరికెళ్లి 'ఒంట్లో బాగాలేదు' అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఇంకో నోటుబుక్కు మా స్కూలు టీచరుగారిది. అందులో ఇలా ఉంది: 'గురువారం. రెండో బార్ నుంచి మూడో బార్‌కి. వేగం 60. ఎనిమిదిసార్లు చేస్తే ఐదుసార్లు మూడో వేలు ఇ బదులు డి మీద పడింది.' (వేగం 60 అంటే నిమిషానికి 60 లెక్కలు.) ఆ నాలుగు ముక్కల వల్లే ఈ పాఠం రాయగలిగాను.

వేలు ఎందుకు డి మీద పడుతోందో చూద్దాం. మొదటి రెండు బార్లలో కుడిచేయి కదలాల్సిన పనే లేదు. బొటనవేలు, అంటే 1, మధ్య సికి (కీబోర్డు నడిమధ్యనున్న సికి) పైనున్న జి మీద ఉంటుంది. అక్కడి నుంచి ఏ, బి, సి, డి మీద 2, 3, 4, 5. డి, జి, ఏ, బి, సి. మళ్లీ డి, జి, జి. ఐదు మెట్లకు ఐదు వేళ్లు. మూడో బార్ ఇతో మొదలవుతుంది. ఇ ఆ ఐదు మెట్లలో లేదు. అక్కడ చేయి మొత్తం కుడివైపు మూడు మెట్లు జరగాలి. బొటనవేలు జిని వదిలి సి మీదికి వస్తే, ఇ మీదికి మూడో వేలు తనంతట తానే చేరుతుంది. తర్వాత సి, డి, ఇ, ఎఫ్ షార్ప్‌లకు (ఎఫ్‌కి కుడిపక్కనున్న నల్ల మెట్టు) 1, 2, 3, 4. నాలుగో బార్‌లో పై జికి చిటికెనవేలు.

టీచరుగారి చేయి జరిగింది, కానీ రెండు మెట్లే జరిగింది. కారణం ఆవిడ వాయిస్తుంటే పక్కనుంచి చూస్తే తెలిసింది. రెండో బార్ చివరి జిని నొక్కి, బొటనవేలు దాని మీదే ఉంచేస్తున్నారు. ఇ వాయించాల్సిన క్షణం వచ్చాక గానీ చేయి లేవడం లేదు. అప్పుడు తొందర, టెన్షన్. మిగిలిన ముగ్గురిదీ ఇదే సంగతి. నాదీ అంతే.

మందు ఆ జిలోనే ఉంది. ఈ మినుయెట్ నాటి నాట్య సంగీతంలో ఇలాంటి ఒక్క లెక్క స్వరాలను అతికించి వాయించక్కర్లేదు; మధ్యలో చిన్న సందు వదలడం మామూలే. కాబట్టి రెండో బార్ మూడో లెక్క మీది జిని కొంచెం ముందే వదిలేయండి. ఆ సందులో చేయి జరగాలి. ఇ వాయించే వేళకు మూడో వేలు అప్పటికే ఇని తాకి ఉండాలి.

సాధన ఇలా చేయండి. మెట్రొనోమ్ (లెక్కలు టిక్ టిక్ అని కొట్టే పరికరం) ఇంకా పెట్టొద్దు. రెండో బార్ చివరి జి ఒక్కటి వాయించి, వెంటనే చేయి లేపి, మూడో వేలు ఇ మీద ఆనించండి. నొక్కొద్దు. కళ్లతో చూడండి: ఇ మీదే ఉందా, బొటనవేలు సి మీదికి వచ్చిందా? ఉంటే అప్పుడు నొక్కండి. చేయి జరగడం చకచకా జరగాలి, నొక్కడానికి మాత్రం ఎంతసేపైనా ఆగొచ్చు. ఇది పదిసార్లు. తర్వాత ఆగడం తగ్గించుకుంటూ రండి. ఆ రెండు స్వరాలూ కుదిరాక రెండో బార్ మొత్తం, మూడో బార్ మొత్తం కలపండి. అప్పుడు మెట్రొనోమ్ 50 మీద పెట్టండి. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే 54. మధ్యలో ఒక్కసారి తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఈ వారం 72 దాటొద్దు. 72 దగ్గర తేలిగ్గా వస్తున్నా సరే, ఆగండి.

నాలుగో బార్ నుంచి ఐదో బార్‌కి వెళ్లేటప్పుడు కూడా చేయి జరుగుతుంది, కానీ అక్కడ ఎవరూ తప్పలేదు. నాలుగో బార్‌లో పై జి చిటికెనవేలితో, కింది జి రెండుసార్లు బొటనవేలితో. ఐదో బార్‌కి కావలసిన చోటు కూడా బొటనవేలు జి మీద ఉండే చోటే. బొటనవేలు అక్కడే ఉంటుంది, మిగతా వేళ్లు దాని దగ్గరికి ముడుచుకుంటాయి, నాలుగో వేలు సి మీద పడుతుంది. చేయి చిన్నదైతే రెండు జిలకూ ఒకేసారి సాగదీయాలని చూడొద్దు. పై జిని వదిలేసి చేయి కిందికి రానివ్వండి. మా రిటైర్డ్ రైల్వే బాబాయిగారు సాగదీసి మణికట్టు నొప్పి తెచ్చుకున్నారు. నొప్పి అనిపిస్తే ఆ రోజుకి మూత వేసేయండి. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను.

ఇక ఎడమచేయి. చెబితే నమ్మరు గానీ, మొదటి ఏడు బార్లు అది చోటు మారదు. చిటికెనవేలు మధ్య సి కింది జి మీద, అక్కడి నుంచి 4 ఏకి, 3 బికి, 2 మధ్య సికి, 1 డికి. మొదటి బార్‌లో జి, బి, డి మూడూ కలిపి రెండు లెక్కలు, మూడో లెక్కకి ఏ. రెండో బార్‌లో బి ఒక్కటే, మూడు లెక్కలూ మోగాలి. మూడో బార్‌లో సి, నాలుగులో బి, ఐదులో ఏ, ఆరులో జి. ఏడో బార్‌లో డి, బి, జి వరుసగా ఒక్కో లెక్క. ఎనిమిదో బార్‌లో మాత్రం ఒక డి నుంచి కింది డికి దూకాలి. దాన్ని ఈ వారం విడిగా ఉంచండి.

ఇప్పుడు కలపండి. కుడిచేయి దూకే ఆ చోట ఎడమచేయి చేయాల్సింది మూడో వేలు ఎత్తి రెండో వేలు దించడం, అంతే. బి నుంచి సికి. ఇ, సి రెండూ ఒక్కసారే పడాలి. ముందు ఎడమచేయి వాయిస్తూ, కుడిచేయి శబ్దం లేకుండా జరిగి ఇని తాకితే చాలు. అది కుదిరాక రెండూ మోగించండి.

మాలో ఒకావిడ పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూస్తే ఆవిడకు కళ్లు తిరుగుతాయి. పోయిన వారం ఆవిడ నోటుబుక్కులో 'ఇది నాకు అందదేమో' అని ఉంది. ఈసారి జిని షడ్జంగా పెట్టుకుని పాడి చూడమన్నాను. మన లెక్కలో ఐదు శ్రుతి. ఆవిడ నెమ్మదిగా పాడారు: ప, స రి గ మ | ప, స, స | ద, మ ప ద ని | స, స, స. తర్వాత మ, ప మ గ రి | గ, మ గ రి స | ని, స రి గ స | రి. కామా పెట్టిన స్వరానికీ, రెండు, నాలుగు బార్ల చివరి 'స'కీ ఒక లెక్క, మిగతావి లెక్కకు రెండు. చివరి రి మాత్రం మూడు లెక్కలూ నిలవాలి. నాలుగో బార్‌లో మొదటిది పై షడ్జం, మిగతా రెండూ కింది షడ్జాలు. గమకాలు లేని శంకరాభరణం. పాడాక ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. 'అన్నయ్యా, ఇది నాకు వచ్చిన పాటే కదా' అన్నారు.

ఆ పద్ధతి అందరికీ పనికొస్తుంది. ఎనిమిదో బార్ రి మీద ఆగుతుంది కాబట్టి పాట ఇంకా ఇల్లు చేరలేదని చెవికి తెలుస్తుంది. పదిహేనో బార్ 'రి, గ రి స ని' అయ్యాక పదహారో బార్‌లో స దగ్గర చేరుతుంది. పాడుతూ వాయిస్తే మూడో బార్ మొదటి స్వరం 'ద' అని నోరు ముందే చెబుతుంది, చేయి దాని వెనకే వెళ్తుంది. గొంతు బాగుందా లేదా అని చూసుకోవద్దు. మీ ఇంట్లో మీరొక్కరే ఉన్నారు.

ఒక మాట చెప్పాలి. ఈ మినుయెట్ 1725 నాటి ఒక ఇంటి నోటుబుక్కులోది. జర్మన్ సంగీతకర్త బాఖ్ భార్య అన్నా మాగ్డలేనాది ఆ పుస్తకం. ఆవిడ పెద్ద గాయని. అందులో చాలా భాగం ఆవిడే స్వయంగా రాసుకున్నారు. ఈ పాటను చాలాకాలం బాఖ్ రచనే అనుకున్నారు. 1970లలో గానీ ఇది డ్రెస్డెన్ ఆర్గన్ విద్వాంసుడు క్రిస్టియన్ పెట్జోల్డ్‌దని తేలలేదు. నాకు ఇష్టమైన సంగతి వేరే: ఇల్లు, పిల్లలు, పనుల మధ్య వాయించుకోవడానికి చేత్తో రాసి పెట్టుకున్న పుస్తకం నుంచి మనకిది వచ్చింది. మన వంటి ఇళ్ల కోసమే ఉన్న సంగీతం అనిపిస్తుంది.

వెనకబడటం గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఈ వారం ఇద్దరికి అది జరిగింది. మా సాఫ్ట్‌వేర్ తమ్ముడికి ఆఫీసులో రిలీజ్ ఉండి సోమవారం నుంచి శుక్రవారం దాకా మెట్టు ముట్టలేదు. శనివారం మూడు గంటలు ఏకబిగిన కూర్చున్నాడు. రాత్రికి 80 వేగంతో వాయించాడట. ఆదివారం మా ముందు 60కి కూడా రాలేదు. మొహం చిన్నబోయింది. అతని తప్పేమీ లేదు. కొత్త కదలికను మెదడు నిద్రలో గట్టిపరుచుకుంటుంది. మూడు గంటలు ఒకేరోజు చేస్తే దానికి దొరికేది ఒక్క రాత్రి. అదే సమయాన్ని ఆరు రోజులకు పంచితే ఆరు రాత్రులు. రిలీజ్ వారంలోనైనా పడుకునే ముందు పది నిమిషాలు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ రెండు స్వరాలే. పదే పది నిమిషాలు.

రెండోవాణ్ణి నేను. అమ్మకు జ్వరం వచ్చి పన్నెండు రోజులు పియానో దగ్గరికి పోలేదు. అంతకు ముందు 84 మీద వాయించేవాణ్ణి. తిరిగి కూర్చున్న రోజు 56 మీద కూడా చేతులు ఒకదానికొకటి అడ్డొచ్చాయి. నిజంగా భయమేసింది, రెండేళ్ల కష్టం పోయిందేమో అని. అయినా నోటుబుక్కులో రాశాను: మొదటిరోజు 56, రెండోరోజు 60, మూడోరోజు 72, నాలుగోరోజు 80. మొదట నేర్చుకోవడానికి ఐదు వారాలు పట్టింది, తిరిగి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ అంకెలు రాసి ఉండకపోతే మూడోరోజు మానేసేవాణ్ణేమో. అందుకే ఎంత వెనకబడ్డా ఆ రోజు అంకె రాయండి. మంచి రోజులవి మాత్రమే రాస్తే ఆ పుస్తకం కష్టకాలంలో పనికిరాదు.

టీచరుగారికి ఇంకో బాధ ఉంది. ఇంట్లో బాగానే వస్తుంది, నలుగురి ముందు తప్పితే మళ్లీ మొదటి నుంచే ఎత్తుకోవాలి. మధ్యలో దిగడం తెలీదు. ఆవిడకు చెప్పింది మీకూ చెబుతున్నాను. ఈ ఎనిమిది బార్లలో మూడు దిగే చోట్లు పెట్టుకోండి: ఒకటో బార్, మూడో బార్, ఐదో బార్. చిన్న చీటీల మీద ఆ అంకెలు రాసి, రోజూ ఒక చీటీ తీసి, వచ్చిన అంకె నుంచే మొదలుపెట్టండి. మూడు వస్తే మూడు. ముందున్నవి వాయించొద్దు. ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్లతో చీటీ తీయించండి. ఒక మనిషి చూస్తుండగా వాయించడం కూడా దాంతోపాటే అలవాటవుతుంది.

వచ్చే ఆదివారానికి మీ నోటుబుక్కులో నాకు కావలసినవి ఇవి: ఏ బార్ నుంచి ఏ బార్‌కి, మెట్రొనోమ్ అంకె, ఏ వేలు ఎక్కడ పడింది. 'బాగా వచ్చింది' అని రాయొద్దు, 'రావడం లేదు' అనీ రాయొద్దు. ఉదాహరణకు మా టీచరుగారు సోమవారం రాసింది ఇది: 'రెండు నుంచి మూడుకి. 50 మీద మూడు వరుసలు. 54 మీద రెండోసారి ఎడమచేయి సి ఆలస్యం. ఇ సరిగ్గానే పడింది.'

7వ పాఠంలో ఎనిమిదో బార్‌లో ఎడమచేయి దూకే చోటు పూర్తిచేసి పదహారో బార్ దాకా వెళ్దాం. ఆ తర్వాతి భాగంలో సి షార్ప్ వస్తుంది, జి షడ్జంగా పాడేవాళ్లకు అది ప్రతి మధ్యమం. ఈలోగా గొంతులో ఒకసారి ఆ స్వరం వెతికి ఉంచుకోండి.