ప్రాసెసర్ మార్చాక పీసీ వేడెక్కి ఆగిపోతోందా? ముందు బోర్డు వెనక్కి తిప్పి చూడండి

సమస్య: పాత మదర్‌బోర్డులో ఇంటెల్ ఐ3-2100 ప్రాసెసర్ తీసి ఐ7-2600 పెట్టారు. విండోస్ మామూలుగానే వస్తుంది, బ్రౌజర్ బాగానే నడుస్తుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ఫ్యాన్ హోరెత్తుతుంది, స్పీడ్ పడిపోతుంది. ఒక్కోసారి బ్లూ స్క్రీన్ కూడా లేకుండా టక్కున ఆగిపోతుంది.

చాలామంది వెంటనే ప్రాసెసర్ పాడైందని తేల్చేస్తారు, లేదా ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఇంకో ట్యూబ్ కొంటారు. దయచేసి ఆగండి. వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి, వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి బరువైన పని (లోడ్) పెట్టి, టెంపరేచర్ ఎంత వేగంగా పెరుగుతోందో గమనించండి. నిమిషాల మీద మెల్లగా ఎక్కితే దుమ్మో, కూలర్ చాలకపోవడమో. రెండు మూడు సెకన్లలోనే 90 డిగ్రీలు దాటిందంటే మాత్రం కూలర్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనడం లేదు.

అసలు కారణం ఎక్కువసార్లు పుష్ పిన్నే, అంటే కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి. ఓ పీసీకి నేను మూడుసార్లు పేస్ట్ మార్చాను, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కూడా మార్పించాను. పైనుంచి చూస్తే నాలుగు పిన్నులూ ఒకే ఎత్తులో ఉన్నాయి, కూలర్ కదపబోతే కదల్లేదు. చివరికి బోర్డు బయటికి తీసి వెనక్కి తిప్పాను. మూడు మూలల్లో పిన్నుల తెల్ల కాళ్లు విచ్చుకుని, వాటి మధ్య నల్ల మొన దిగి ఉంది. ర్యామ్ వైపు మూలలో మాత్రం కాళ్లు ముడుచుకునే ఉన్నాయి. కూలర్ ఎత్తితే పేస్ట్ ఒక పక్క పల్చగా పరుచుకుంది, ఆ మూల వైపు పెట్టింది పెట్టినట్టే మందంగా ఉంది. ఆ ఒక్క పిన్ను దిగాక అదే లోడ్‌కి 68 దగ్గర నిలబడింది.

పరిష్కారం: బోర్డు కేబినెట్‌లో ఉండగా పిన్నులు నొక్కకండి. బోర్డు వంగుతుంది, పిన్ను దిగిందో లేదో కనబడదు. బయటికి తీయండి. పిన్ను తల మీది బాణం గుర్తు ఊడదీయడానికి తిప్పే దిక్కు. బిగించేముందు దానికి ఎదురు దిక్కులో చివరిదాకా తిప్పి ఉంచాలి. పాత పేస్ట్ తుడిచి, మధ్యలో చిన్న బఠాణీ గింజంత కొత్తది పెట్టి, ఎదురెదురు మూలలు జంటగా టక్‌మనేదాకా నొక్కండి. తర్వాత వెనక నాలుగు మొనలూ కంటితో చూడండి. చప్పుడు విన్నాం కదా అని వదిలేయకండి. కాలు విరిగితే పిన్నులు విడిగా దొరుకుతాయి, అతికించడం వద్దు.

పిన్నులన్నీ సరిగ్గా ఉన్నా మెల్లగా వేడెక్కుతోందంటే ఐ3 కూలరే వాడుతున్నారేమో చూసుకోండి. ఐ3 65 వాట్ల ప్రాసెసర్, ఐ7 95 వాట్లది. మొత్తం అల్యూమినియంతో ఉండే సన్న కూలర్ దీనికి చాలదు. మధ్యలో రాగి ఉన్నదో, టవర్ కూలరో పెట్టండి.

టెంపరేచర్ 60లలోనే ఉండి కూడా ఆగిపోతుంటే ఎస్ఎంపీఎస్, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎవరైనా మార్చిన వోల్టేజ్ చూడండి. ప్రాసెసరే పాడవడం చాలా అరుదు, దాన్ని చివరికి ఉంచండి.